మగ్గం గుంటలో దారి తప్పిన కాళ్ళు: ఒక నరాల కేసు

యాభై ఆరేళ్ళ చేనేత కార్మికుడు, ఊరు పోచంపల్లి పక్కన. పన్నెండో ఏట మగ్గం గుంటలో దిగాడు, మళ్ళీ వేరే పని ఎరగడు. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటిసారి వచ్చినప్పుడు చెప్పిన బాధ మా న్యూరాలజీ ఓపీలో రోజూ వినేదే. "అరికాళ్ళు తిమ్మిర్లు సారూ. దూది మీద నడిచినట్టుంటది." పదకొండేళ్ళుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. సూదితో అరికాలు గుచ్చి చూశాను, "నొప్పి తెలుస్తుంది" అన్నాడు. చీలమండ దగ్గర సుత్తితో కొడితే పాదం దానంతటదే కదలాలి, ఆ రిఫ్లెక్స్ రాలేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయని రాసి, రాత్రిపూటకి నరాల నొప్పి తగ్గించే ప్రీగాబలిన్ 75 ఇచ్చి, చెప్పులు లేకుండా తిరగొద్దని చెప్పి పంపించాను. అంతా కలిపి ఆరేడు నిమిషాలు.

ఆ రోజు నేను ట్యూనింగ్ ఫోర్క్, అంటే మోగిస్తే వణికే రెండు కొమ్ముల ఇనుప కాడ, బయటికి తీయలేదు. కళ్ళు మూయించి నిలబెట్టలేదు. ఆ రెండూ చేయడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టేవి. బయట అరవై మంది కూర్చుని ఉన్నారన్నది నిజమే గానీ, ఆ రెండు నిమిషాలు మిగుల్చుకున్నందుకు ఏడు వారాల తర్వాత ఆయన నుదుటి మీద నాలుగు కుట్లతో తిరిగొచ్చాడు.

ముఖం కడుక్కుంటూ పడ్డాడు

"మొకం కడుక్కోంగ పడ్డడు సారూ," అంది భార్య. "తొట్టి కాడ నిలవడి నీళ్ళు మొకం మీద చల్లుకుండు. గంతే, ముందలికి ఒరిగిండు. కాలు జారలె, కండ్లు తిరగలె. కొట్టేసిన చెట్టు లెక్క పడ్డడు."

ఈ మాట ఏ నరాల డాక్టరు విన్నా చేతిలో పెన్ను పక్కన పెట్టాలి. ముఖం కడుక్కునేటప్పుడు మనం చేసే పని ఒకటే: కళ్ళు మూసుకుంటాం, కొంచెం ముందుకు వంగుతాం. మామూలు మనిషికి కళ్ళు మూసుకున్నా తన కాళ్ళు ఎక్కడున్నాయో తెలుస్తూనే ఉంటుంది. తెలియని మనిషి కళ్ళతో చూసి నెట్టుకొస్తుంటాడు. కళ్ళు మూసిన క్షణంలో ఆ ఆసరా పోతుంది.

కరెంటు పోతే ఏం చేస్తాడని అడిగాను. "కూసున్నకాడ్నే కూసుంటడు. సెల్లు లైటు ఏస్తెనే లేస్తడు," అంది ఆవిడ. రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే కొడుకుని లేపుతున్నాడట. నాలుగు నెలలుగా ఇదే పరిస్థితి. మొదటిసారి వచ్చినప్పుడు నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. చీకట్లో నడవలేకపోవడం నరాల జబ్బు అవుతుందని వాళ్ళకెలా తెలుస్తుంది?

అప్పుడు ఆయన మగ్గం సంగతి ఎత్తాడు. నిజానికి జబ్బు మొదట బయటపడింది అక్కడే. గుంట మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతాను. నేతగాడు నేల అంచున కూర్చుంటాడు, కాళ్ళు గుంటలో ఉంటాయి. కాళ్ళ కింద రెండు చెక్కలు. ఒకటి తొక్కితే పడుగులో, అంటే నిలువు పోగుల్లో, సగం పైకి లేస్తాయి, సగం దిగుతాయి. ఆ సందులోంచి అడ్డపోగును మోసే నాడె పరుగెడుతుంది. రెండో కాలు తొక్కితే పోగులు తారుమారు అవుతాయి, నాడె వెనక్కి వస్తుంది. కళ్ళు బట్ట మీద, చేతులు నాడె మీద, కాళ్ళు వాటి దారిన అవి. నలభై నాలుగేళ్ళు ఆ కాళ్ళని ఆయన చూసుకోలేదు. చూసుకోవాలన్నా కనిపించవు.

"ఏడాది కింద పోగులు తెగుడు షురువైంది," అన్నాడు. చెక్క పూర్తిగా తొక్కానని ఆయన అనుకుంటాడు, కాలు సగమే దిగి ఉంటుంది. సందు సరిగా విచ్చుకోదు, నాడె పోయి పోగులకు తగులుతుంది. కొన్నిసార్లు కాలు చెక్క మీంచి జారిపోయినా తెలిసేది కాదట. చూపు మందగించిందేమోనని కళ్ళద్దాలు మార్చుకున్నాడు. బట్టలో తప్పులున్నాయని, నూలు ఇచ్చి నేయించే మాస్టర్ వీవర్ కూలి కోసేశాడు. "సారూ, గుంటల కాళ్ళు పెడితె అవి యాడున్నయో నాకే తెల్వది," అన్నాడు.

ఇంటి దగ్గర, రోడ్డు మీద, పగటి పూట కళ్ళు కాళ్ళకి కాపలా కాశాయి. గుంటలో ఆ కాపలా లేదు. అందుకే నడక తడబడక ముందే నేత తడబడింది.

పరీక్ష

ఈసారి నలభై నిమిషాలు తీసుకున్నాను.

బల్ల మీద పడుకోబెట్టి, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి, దాని కాడ కుడి బొటనవేలి ఎముక మీద ఆనించాను. "ఏమన్నా జుమ్మంటోందా?" "సల్లగున్నది." "వణుకు తెలుస్తోందా?" "లేదు." చీలమండ మీద లేదు. కాలి ముందరి ఎముక మీద లేదు. మోకాలిచిప్ప మీద, ఆలోచించి, "ఏమో" అన్నాడు. తుంటి ఎముక మీద పెట్టగానే ఉలిక్కిపడ్డాడు. "ఆ, గిదీ! గిది తెలుస్తుంది!"

ఆ మొదటి జవాబు మళ్ళీ చదవండి. వణుకు తెలియలేదు, కానీ ఇనుము చల్లగా ఉందని బొటనవేలు చెప్పింది. ఈ కేసంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది.

తర్వాత వేలి కదలిక. కళ్ళు మూయించి, బొటనవేలిని రెండు పక్కల నుంచి పట్టుకుని కొంచెం పైకో కిందికో కదిపి ఎటు కదిపానో చెప్పమన్నాను. పక్కల నుంచి పట్టుకోవడం ముఖ్యం. పైనా కిందా పట్టుకుంటే మన వేళ్ళ ఒత్తిడిని బట్టి రోగి ఊహించేస్తాడు. జూనియర్ డాక్టర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. పదిసార్లు కదిపితే నాలుగు సరిగ్గా చెప్పాడు. రెండే జవాబులున్న ప్రశ్నకు పదింట నాలుగంటే తెలియనట్టే. చీలమండ దగ్గర కూడా తప్పాడు. మోకాలి దగ్గర సరిగ్గా చెప్పాడు.

పాదాలు దగ్గర పెట్టించి నిలబెట్టాను. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ కొద్దిగా ఊగుతూ నిలబడ్డాడు. మూయగానే రెండు సెకన్లలో వెనక్కి పడబోతే వెనక నిలబడ్డ సిస్టర్ పట్టుకుంది. ఇది రోంబర్గ్ పరీక్ష. 19వ శతాబ్దంలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రోంబర్గ్, ముదిరిన సిఫిలిస్ వెన్నుపాముని తిన్న రోగుల్లో ఈ గుర్తును వర్ణించాడు. జబ్బు వేరైనా దెబ్బ తగిలే చోటు అదే కాబట్టి పరీక్ష ఈనాటికీ నిలిచింది.

చేతులు చాపి కళ్ళు మూసుకోమంటే వేళ్ళు వాటంతటవే హార్మోనియం మెట్లు నొక్కుతున్నట్టు నెమ్మదిగా కదిలాయి. అంటే చేతుల్లోనూ మొదలైందన్నమాట. తల ముందుకు వంచమన్నాను. "మెడకెల్లి నడుం దాక కరెంటు గుంజినట్టు అయితది," అన్నాడు. చీలమండ రిఫ్లెక్స్ లేదు, కానీ మోకాలి రిఫ్లెక్స్ మామూలు కంటే ఉధృతంగా ఉంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. షుగర్ నరాల జబ్బులో వేలు ఇలా పైకి లేవదు. అలా లేచిందంటే వెన్నుపాములో తేడా ఉన్నట్టు.

నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. చేతివేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడింది. మొదటిసారి కూడా అవి అలాగే ఉండి ఉంటాయి.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసిన విషయం ఆయన వెళ్ళబోతూ చెప్పాడు. నేనిచ్చిన గోళీతో తగ్గలేదని మెడికల్ షాపులో ఒక ఆయింట్‌మెంట్ కొనుక్కున్నాడట. అరికాళ్ళకు రాసుకుంటే "మిరపకాయ నూరి రాసినట్టు" రాత్రంతా మండిందట. ట్యూబు చూపించాడు. నిజంగానే అందులో ఉన్నది మిరపకాయలోని క్యాప్సైసిన్. స్పర్శ పోయిందని వచ్చిన మనిషి అరికాళ్ళు మిరప మంటతో నిద్ర లేకుండా చేశాయి.

ఒక కాలు, రెండు దారులు

ఆయనకి ఎలా చెప్పానో ఇక్కడా అలాగే చెబుతాను. కాల్లోకి వెళ్ళే నరం ఒక దారం కాదు, పడుగు. వేల పోగులు పక్కపక్కన పోతుంటాయి. కొన్ని లావు పోగులు, మైలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టుకున్నవి. కొన్ని సన్నవి, తొడుగు పలచగా ఉన్నవో అసలు లేనివో. లావు పోగుల్లో కబురు సెకనుకు యాభై, అరవై, కొన్నిట్లో వంద మీటర్ల వేగంతో పరుగెడుతుంది. పలచ తొడుగు ఉన్నవి 5 నుంచి 30 మీటర్లు. తొడుగే లేని సన్న పోగులు మనిషి నడక వేగం మించవు, సెకనుకు ఒకటి రెండు మీటర్లు. గడపకు కాలివేలు కొట్టుకున్నప్పుడు తగిలిన సంగతీ, చురుక్కుమనడమూ వెంటనే తెలుస్తాయి. అసలు సలుపు ఒక క్షణం ఆగి వస్తుంది. ఆ క్షణం ఆలస్యం సన్న పోగులు మీటరు పొడుగు కాలు ఎక్కడానికి పట్టే సమయం.

ఎవరి పని వారిది. నొప్పి, వేడి, చలి సన్న పోగులు మోస్తాయి. వాటి కొసల్లో ఉండే ఒక ప్రోటీన్ 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు "కాలింది" అంటామే, మెదడుకు అందే కబురు నిజంగా కాలిన కబురే. ఈ సంగతి కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. దాన్ని పంచుకున్న ఆర్డెమ్ పటపూటియన్ కనిపెట్టినవి ఒత్తిడికి, సాగుడుకి తెరుచుకునే ప్రోటీన్లు. మన కండరాల్లో, ఆ కండరం ఎంత సాగిందో కొలిచే సన్నని కదురు లాంటి గ్రాహకాలు ఉంటాయి. మోకాలు ఎంత వంగింది, వేలు ఎటు తిరిగింది అన్న కబురు అక్కడి నుంచి లావు పోగుల్లో వెళుతుంది. వణుకు, సన్నని స్పర్శ కూడా లావు పోగుల పనే. కళ్ళు మూసుకున్నా మన ఒళ్ళు ఎక్కడుందో మనకు తెలిసే ఈ జ్ఞానానికి 1906లో ఇంగ్లండ్ శరీరశాస్త్రవేత్త షెరింగ్టన్ ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. ఐదు ఇంద్రియాలని బడిలో నేర్పిన లెక్కలో ఇది లేదు.

కాల్లో అన్ని పోగులూ కలిసే ప్రయాణిస్తాయి. ప్రతి జ్ఞాననాడి కణం ఇల్లు వెన్నుపూస పక్కన, శనగగింజంత ముడిలో ఉంటుంది. అక్కడి నుంచి ఒక చెయ్యి కిందికి బొటనవేలి దాకా, ఇంకో చెయ్యి వెన్నుపాములోకి. వెన్నుపాములో అడుగుపెట్టాక దారులు విడిపోతాయి. సన్న పోగులు అక్కడే ఇంకో కణానికి కబురు అప్పజెబుతాయి, అది అవతలి పక్కకు దాటి వెన్నుపాము ముందు భాగంలో పైకి వెళుతుంది. లావు పోగులు ఎవరికీ అప్పజెప్పవు. దాటవు. వచ్చిన పక్కనే, వెన్నుపాము వెనక భాగంలో, మెదడు కాండం మొదట్లో ఉన్న మెడుల్లా దాకా అదే కణం సాగిపోతుంది. బొటనవేలి కొస నుంచి మెడుల్లా దాకా ఒకే కణం, ఈయన ఎత్తున్న మనిషిలో ఒకటిన్నర మీటర్ల పొడుగు. ఒంట్లో ఇంతకంటే పొడుగు కణం లేదు. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నా ఈ ఒక్క సంగతి దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇప్పుడు ఆయన జవాబులు దీని మీద పరిచి చూడండి. చల్లదనం తెలుస్తోంది, సూది తెలుస్తోంది, మిరప మంట తెలుస్తోంది: సన్న పోగులు, ముందు దారి బాగున్నాయి. వణుకు లేదు, వేలి ఉనికి లేదు: లావు పోగుల దారి పోయింది. షుగర్ జబ్బు సాధారణంగా ఇలా ఏరి కొట్టదు. చాలామందిలో సన్న పోగులు తొందరగా దెబ్బతింటాయి. మా దగ్గరికే వచ్చిన ఇంకొకావిడ, షుగర్ పేషెంటే, మే నెల మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ చెప్పుల్లేకుండా పదకొండు ప్రదక్షిణలు చేసి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కించుకుంది. వేడి తెలియలేదు. నడకలో తడబాటు లేదు, కళ్ళు మూసుకుని హాయిగా నిలబడింది. ఆవిడా "తిమ్మిర్లు" అనే అంది, ఈయనా "తిమ్మిర్లు" అనే అన్నాడు. మన భాషలో ఒకే మాట, ఒంట్లో రెండు వేరే జబ్బులు. రోగిది తప్పు కాదు. ఆ మాట విడగొట్టి అడగాల్సింది మనం.

బి12

వెన్నుపాము వెనక భాగాన్ని ఏరి కొట్టే జబ్బుల జాబితా పెద్దదేం కాదు. సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు పంపాను, లేవు. రక్తంలో రాగి లోహం (కాపర్) తగినంత ఉంది. థైరాయిడ్ మామూలే. విటమిన్ బి12 మాత్రం రక్తంలో మిల్లీలీటరుకు 92 పికోగ్రాములే. 200 కంటే తక్కువైతే లోపమే అంటాం. బి12 తగ్గితే రక్తంలో పేరుకునే హోమోసిస్టీన్ 64, పదిహేను లోపు ఉండాల్సింది. ఆ నున్నటి నాలుక, నల్లబడ్డ కణుపులు చెప్పిందీ ఇదే.

మెడ ఎమ్మారైలో వెన్నుపాముని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మల్లో, సరిగ్గా వెనక భాగంలో, తలకిందులైన ఇంగ్లిష్ వీ అక్షరం ఆకారంలో తెల్లటి మచ్చ. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే.

నరాల పరీక్ష ఫలితం ఇంకా ఆసక్తికరం. పిక్క వెనక చర్మపు నరానికి సన్న కరెంటు ఇచ్చి చూస్తే ఆ నరం దాదాపు మామూలుగానే పలికింది. "నాకు తెలుస్తలేదంటుంటె మీ మిషను మంచిగున్నదంటది," అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు. మిషన్ అబద్ధం చెప్పలేదు. అది చూసేది కణం ఇంటికి ఇవతలి చేతినే. ఆయనకు తెగింది అవతలి చెయ్యి, వెన్నుపాములో ఉన్నది. ఇల్లు క్షేమం, వీధి క్షేమం, పట్నం పోయే రోడ్డు తెగింది. చీలమండ దగ్గర కరెంటు ఇచ్చి నెత్తి మీద అందుకునే పరీక్షలో మోకాలి వెనక కబురు సమయానికి అందింది. నెత్తి మీదికి రావడానికి మాత్రం 54 మిల్లీసెకన్లు పట్టింది, నలభై చుట్టుపక్కల రావాల్సింది.

బి12 ఎందుకు తగ్గింది? నాలుగు సంగతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పెద్ద కొడుకు జబ్బు చేసి కోలుకున్నప్పుడు మొక్కుకుని తొమ్మిదేళ్ళ కింద మాంసం, గుడ్డు మానేశాడు. ఈ విటమిన్ ఏ మొక్కలోనూ తయారు కాదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగు నుంచే రావాలి. షుగర్ కదా అని ఎవరో చెబితే పాలు, పెరుగు కూడా టీ చుక్కకు, మజ్జిగ నీళ్ళకు కుదించాడు. మెట్‌ఫార్మిన్ చిన్నపేగు చివరి భాగంలో బి12ని ఒంటికి పట్టనివ్వదు. ఇక "గ్యాస్" అని ఐదేళ్ళుగా పరగడుపున పాంటోప్రజోల్. తిండిలోని బి12 ప్రోటీన్ నుంచి విడిపడాలంటే కడుపులో ఆమ్లం కావాలి, ఆ గోళీ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. మన కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా బి12 నిల్వ ఉంటుంది, రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. అందుకే మొక్కుకున్న నాడు ఏమీ కాలేదు. నిల్వ అడుగంటడానికి ఇన్నేళ్ళు పట్టింది.

బి12 లేకపోతే రక్తం తగ్గాలి కదా, ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదు? తగ్గింది. రెండేళ్ళ కింద హిమోగ్లోబిన్ 8 చిల్లరకు దిగితే ఊళ్ళో ఒక డాక్టరు "రక్తం గోళీలు" ఇచ్చాడు, ఐరన్‌తో పాటు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. రక్తం పెరిగింది. నేను చూసేనాటికి 11.4. బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతను ఫోలిక్ యాసిడ్ చాలావరకు కప్పేస్తుంది, నరాలకు మాత్రం ఏమీ చేయదు, అవి లోపల అరుగుతూనే ఉంటాయి. ఇది కొత్త సంగతి కాదు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. దాన్ని వాడిన కొద్ది ఏళ్ళలోనే వైద్యులు గమనించారు: కొందరికి రక్తం బాగుపడుతోంది, కాళ్ళు పడిపోతున్నాయి. లోపించినది ఇంకొకటి ఉందని అప్పుడే అర్థమైంది. 1948లో కాలేయం నుంచి ఎర్రటి స్ఫటికాలుగా బి12ని వేరు చేశారు. సుబ్బారావు అదే ఏడాది పోయాడు. డెబ్భై ఏళ్ళు దాటినా ఆ పాఠం మన ఊళ్ళ దాకా పూర్తిగా చేరలేదు. రక్తహీనత రిపోర్టులో ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉంటే, ఫోలిక్ యాసిడ్ రాసే ముందు బి12 చూడాలి. ఈయనకు నేను చూసేనాటికి కూడా కణం సైజు 104 ఉంది, వంద దాటకూడదు. షుగర్ రిపోర్టుతో పాటు ఆ కాగితం మొదటి రోజే నా బల్ల మీద ఉంది.

బి12 లేకపోతే ఒంట్లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తయారీ కుంటుపడుతుంది, మైలిన్‌ను నిలబెట్టుకోవడానికి కావాల్సిన మిథైల్ గుంపులు అందవు. దళసరి తొడుగు, పొడుగాటి దారి ఉన్న పోగులు ముందు చితుకుతాయి. వెన్నుపాము వెనక దారి ఆ రెండు లెక్కల్లోనూ మొదటిది.

వైద్యం

బి12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు కండకి, రోజూ ఒకటి చొప్పున వారం. తర్వాత వారానికి ఒకటి, రెండు నెలలు. ఆపైన నెలకొకటి, ఎప్పటికీ. పేగుతో పని లేకుండా ఇంజెక్షన్ నేరుగా వెళుతుంది కాబట్టి మెట్‌ఫార్మిన్ ఆపాల్సిన అవసరం రాలేదు. పాంటోప్రజోల్ ఆపాం. ప్రీగాబలిన్ ఆపాను. ఫోలిక్ యాసిడ్ బి12తో పాటు ఉన్నప్పుడు ప్రమాదం లేదు. మొక్కు గురించి నేనేమీ అనలేదు. పెరుగు తినొచ్చా అని అడిగితే, షుగర్ లెక్కలోకి అన్నం వస్తుంది గానీ కప్పు పెరుగుతో మీకొచ్చే నష్టం లేదన్నాను. భార్య ఆయన వైపు చూసింది. ఆ సాయంత్రమే పాలు తోడేసిందట.

మొదటి రెండు వారాల్లో తిమ్మిర్లు తగ్గకపోగా పెరిగాయి. ఇలా జరగొచ్చని ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే ఇంజెక్షన్ పడలేదని మానేస్తారు.

ఫిజియోథెరపిస్టు నేల మీద పాదాల గుర్తులు గీసి, ఒక్కో అడుగూ చూస్తూ, లెక్కపెడుతూ నడిపించింది. కాళ్ళ కబురు అందనప్పుడు కళ్ళకు ఆ పని నేర్పే కసరత్తులివి. ఇంట్లో, వీధిలో ఇవి పనికొచ్చాయి. మగ్గం దగ్గర పనికిరావు, అక్కడ కళ్ళకు వేరే పనుంది.

రెండో నెల వచ్చినప్పుడు ఆయన భార్య అడిగిన ప్రశ్న నేను మరిచిపోలేను. "సారూ, సల్లదనం తెలుస్తుందంటిరి గద. మరి చెక్క అంచుకు ఇనుప పట్టీ కొట్టిపిస్తే?"

కాలు చెక్క మధ్యలో ఉన్నంతసేపు కట్టె తగులుతుంది. అంచుకు జారితే ఇనుము చల్లగా తగులుతుంది. చలి కబురు వెళ్ళే దారి వేరు, అది చెడలేదు. కాలు ఎప్పుడూ దాని మీదే ఉండదు కాబట్టి పట్టీ ఒంటి వేడికి వెచ్చబడిపోదు. నేను బొమ్మ గీసి చెప్పిన రెండు దారుల్ని ఆవిడ మగ్గానికి బిగించింది. అంచులు ఆకురాయితో బాగా నునుపు చేయించమని, రోజూ రాత్రి అరికాళ్ళు లైటు వేసి చూడమని మాత్రం చెప్పాను. షుగర్ ఉన్న కాలికి గీత పడితే అది ఇంకో కథ అవుతుంది.

చలి కబురు ప్రొప్రియోసెప్షన్ అంత చురుకైనది కాదు. కాలు అంచుకు చేరాక గానీ చెప్పదు, ఎంత లోతుకు తొక్కాడో అసలే చెప్పదు. పాత వేగం రాలేదు. కానీ జారిన కాలిని సర్దుకోవడం ఆయనకు మళ్ళీ చేతనైంది, పోగులు తెగడం తగ్గింది.

ఎక్కడి దాకా వచ్చాడు

మూడో నెలకు మోకాలిచిప్ప మీద ఫోర్క్ వణుకు స్పష్టంగా తెలిసింది. తల వంచితే కరెంటు కొట్టడం పోయింది. ఆరో నెల ఎమ్మారైలో తెల్లటి వీ చాలావరకు మాసిపోయింది. కళ్ళు మూసి ఇరవై సెకన్లు నిలబడ్డాడు, సిస్టర్ చేతులు చాపి సిద్ధంగా ఉంది గానీ పట్టుకోవాల్సిన పని రాలేదు. పదో నెలకు చీలమండ దాకా వణుకు వచ్చింది. బొటనవేలి దగ్గర పదిసార్లలో ఆరు సరిగ్గా చెబుతున్నాడు. అది ఇంకా ఊహ కిందే లెక్క. అరికాలు గీస్తే వేలు ఇప్పటికీ పైకే లేస్తోంది. చేతివేళ్ళు కుదురుకున్నాయి.

వెన్నుపాము కోలుకోవడం ఎక్కువగా మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలోనే జరుగుతుంది. లక్షణాలు మొదలయ్యాక ఎంత తొందరగా ఇంజెక్షన్ పడితే అంత తిరిగొస్తుంది. పోగు పైతొడుగు మాత్రమే పోతే మళ్ళీ అల్లుకుంటుంది, లోపలి పోగే తెగితే రాదు. ఈయనకు ఏడాది ఆలస్యమైంది. అందులో ఏడు వారాలు నావి. ఆ ఏడు వారాలకు బొటనవేలు వచ్చి ఉండేదా అంటే చెప్పలేను, కానీ ప్రతిసారీ ఆ వేలు కదుపుతున్నప్పుడు ఆ లెక్క నాకు గుర్తొస్తుంది.

మా ఓపీలో ఇప్పుడు ఫోర్క్ బీపీ మిషన్ పక్కనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ నాలుగేళ్ళు దాటి వాడుతున్నవాళ్ళ చీటీ మీద సిస్టర్ ముందే బి12 అని రాసి పంపుతోంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకు బి12ని అప్పుడప్పుడు చూడమనే చెబుతోంది. తిమ్మిర్లతో వచ్చిన ప్రతివాళ్ళనీ నేను అడిగే ప్రశ్నలు రెండు: ముఖం కడుక్కునేటప్పుడు తూలుతున్నారా? కరెంటు పోతే నడవగలుగుతున్నారా?

ఆయన రోజుకు నాలుగైదు గంటలు మగ్గం మీద కూర్చుంటున్నాడు. మిగతా సగం చీర చిన్న కొడుకు నేస్తున్నాడు. గుంటలో ఒక బల్బు కూడా పెట్టారట, నాడె దారం మార్చేటప్పుడు ఒక్కసారి వంగి కాళ్ళు చూసుకోవడానికి. నెలకో ఇంజెక్షన్ ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రంలోనే వేయించుకుంటున్నాడు. మళ్ళీ మార్చిలో రమ్మన్నాను.